గూగుల్ మై మ్యాప్స్: మా ట్రస్టు చందాల పనికి ఎంతవరకు అక్కరకొచ్చింది

మ్యాపు పెట్టుకుంటే చాలు, విరాళాలు వాటంతటవే వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. రావు. మాకూ రాలేదు. అయినా మన సొంత గుర్తులతో మనమే మ్యాపు చేసుకునే ఈ గూగుల్ మై మ్యాప్స్‌కి నేను ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను. ఎవరి దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళి ఏ ఊరి గురించి అడగాలి అనేది మాకు అదే చెప్పింది మరి. అంతకుముందు మేం అందరినీ అన్నిటికీ అడిగేవాళ్ళం.

మాది కోదాడలో చిన్న ట్రస్టు. సూర్యాపేట జిల్లాలో ఈ మూలనున్న మండలాల జడ్పీ హైస్కూళ్ళే మా లోకం. జనవరి నుంచి మార్చి దాకా పదో తరగతి పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసులు జరిగేటప్పుడు ఉడకబెట్టిన శనగలో, పల్లీపట్టీయో, అరటిపండో పెడతాం. బడికో లైబ్రరీ బీరువా ఇస్తాం. తండాల నుంచి నడిచొచ్చే ఆడపిల్లలకు సైకిళ్ళు కొనిస్తాం. రసీదులు, లెక్కలు, దాతలకు ఆదాయపు పన్నులో మినహాయింపునిచ్చే 80జి కాగితాలు నేను చూస్తాను. కంప్యూటర్ల మనిషిని కాను, ఎక్సెల్ మాత్రం బాగా వచ్చు. ఈ రివ్యూ అలాంటివాళ్ళ కోసమే.

మై మ్యాప్స్ జోలికి వెళ్ళడానికి ముందు ఒక కంపెనీవాళ్ళు మాకు ఆన్‌లైన్‌లో డెమో ఇచ్చారు. పేరు ఎందుకులెండి. దాతల వివరాలన్నీ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో పెడితే మ్యాపు మీద రంగురంగుల చుక్కలు వస్తాయట. చూపించిన మ్యాపు మాత్రం అమెరికాది. "మా మండలాలు కనబడతాయా?" అంటే "డేటా ఇవ్వండి మేడం, అన్నీ వస్తాయి" అన్నాడు ఆ అబ్బాయి. ఏడాదికి వాళ్ళు చెప్పిన రేటుతో మేం రెండు బళ్ళలో సీజనంతా స్నాక్స్ పెట్టొచ్చు. మా ట్రెజరర్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఫోన్ మ్యూట్‌లో పెట్టి, "అమ్మా, ఇదే పని ఊరికే చేసేది ఏదైనా ఉందేమో చూడు" అన్నారు. ఉంది.

దారి చూసుకోవడానికి మన ఫోన్లలో ఉండే గూగుల్ మ్యాప్స్ వేరు, ఇది వేరు. 2007 నుంచీ ఉన్నదే, చాలామందికి తెలియదు. జీమెయిల్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. మన ఎక్సెల్ షీటును ఎక్కిస్తే, చిరునామా ఏ కాలమ్‌లో ఉంది, పేరు ఏ కాలమ్‌లో ఉంది అని అడుగుతుంది. రెండూ చెప్పగానే గుర్తులు పడిపోతాయి. ఒక్కో మ్యాపులో 10 లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), ఒక్కో లేయర్‌లోకి 2,000 వరుసల దాకా ఎక్కించుకోవచ్చు. చిన్న సంస్థకు అది బోలెడు. ఆండ్రాయిడ్ యాప్ 2021లోనే ఆపేశారు కాబట్టి మార్పులు చేయాలంటే బ్రౌజర్‌లో చేసుకోవాలి. ల్యాప్‌టాప్ మీద హాయిగా ఉంటుంది. ఫోన్ మీద చేద్దామని మాత్రం కూర్చోకండి.

మరి దాతల చిరునామాలు ఎక్కడివి? ఇక్కడే చాలా ట్రస్టులు గమనించని సంగతి ఒకటుంది. 80జి రసీదు ఇచ్చే ప్రతి సంస్థా 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను శాఖకు 10బిడి ఫారం దాఖలు చేస్తోంది. ఏటా మే 31 లోపు దాత పేరు, చిరునామా, పాన్ నంబరు, ఇచ్చిన మొత్తం అన్నీ అందులో నింపి పంపితేనే దాతకు పన్ను మినహాయింపు కోసం చూపించే 10బిఇ సర్టిఫికెట్ వస్తుంది. మే నెలలో నాకు నిద్ర లేకుండా చేసే ఆ షీటే మ్యాపుకి ముడిసరుకు. కొత్తగా ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. దాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కించకండి. పాన్, ఫోన్ నంబరు, ఇంటి నంబరు తీసేసి కాపీ చేసుకోండి. మేం ఊరు, పిన్ కోడ్, ఎన్నేళ్ళుగా ఇస్తున్నారు అన్న మూడే ఉంచాం.

ఎక్కించాక మొదట నిరాశే. నాలుగు వందల పైచిలుకు దాతలుంటే మ్యాపు మీద పట్టుమని వంద గుర్తులు కూడా కనబడవు. కారణం ఇదీ: పిన్ కోడ్ ఇస్తే గుర్తు ఇంటి మీద కాకుండా ఆ పిన్ పరిధిలో ఒక చోట పడుతుంది. అదే పిన్ కోడ్ ఉన్న వాళ్ళంతా ఒకరి మీద ఒకరు పేరుకుపోతారు. 500072లో నలభై మంది ఉన్నా కనబడేది ఒకే గుర్తు. దగ్గరి గుర్తులను గుంపు చేసి అంకె చూపించే ఏర్పాటు, ఎక్కువ ఉన్నచోట రంగు ముదిరే ఏర్పాటు ఇందులో లేవు. అందుకని ముందే ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (ఒకే రకం వరుసలను కలిపి లెక్కగట్టే పట్టిక) వేసి, పిన్ కోడ్‌కి ఒక వరుస చేసి, ఎంతమంది అన్నది పక్క కాలమ్‌లో పెట్టుకోవాలి. అప్పుడు ఆ అంకెను బట్టి రంగులు మార్చమంటే మారుస్తుంది. పది నిమిషాల పని.

ఆ పని చేశాక తేలిందేమిటంటే మా దాతల్లో సగానికి సగం కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేటల్లో ఉన్నారు. ఇంతకాలం హైదరాబాద్ మీటింగ్ చిక్కడపల్లిలో పెట్టేవాళ్ళం. ఎందుకంటే, మొదటి అధ్యక్షుడి గారి ఇల్లు అక్కడ, అంతే. ఆదివారం పొద్దున నిజాంపేట నుంచి చిక్కడపల్లికి ఎవరొస్తారండీ! మీటింగును కేపీహెచ్‌బీ కాలనీకి మార్చగానే ఇంతకుముందు ముఖాలు చూడని వాళ్ళు పిల్లలతో సహా వచ్చారు. దాతలు ఎక్కడ ఉంటున్నారో చూపే మ్యాపు వల్ల మాకు ఒరిగింది ఇదొక్కటే. అసలు లాభం తర్వాత వేసిన మ్యాపులో ఉంది.

దాత ఉండేది నిజాంపేటలో. ఆయన మనసు నిజాంపేటలో ఉండదు. మన దగ్గర ఇద్దరు కొత్తగా కలిస్తే రెండో మాటకే "మీదే ఊరండీ?" అంటారు. ఆ ప్రశ్నకు జవాబు 10బిడిలో ఉండదు, ఆదాయపు పన్ను శాఖకు దానితో పని లేదు. మాకు మాత్రం కావలసింది అదే. అందుకని షీటులో 'సొంతూరు' అని కొత్త కాలమ్ తెరిచి, కృతజ్ఞతలు చెప్పడానికి చేసే ఫోన్లలోనే ఆ మాట కూడా అడగడం మొదలుపెట్టాం. చందా అడిగితే రెండు నిమిషాల్లో పెట్టేసేవాళ్ళు కూడా ఊరు అడిగితే ఇరవై నిమిషాలు వదల్లేదు.

ఒకాయన ఇలా చెప్పారు: "మాది గరిడేపల్లి అమ్మా. కానీ నేను చదివింది మేళ్ళచెరువు హైస్కూల్లో. నాన్న అక్కడ టీచరు. గరిడేపల్లికి పెళ్ళిళ్ళకే వెళ్ళేవాళ్ళం." ఈయనను గరిడేపల్లి బీరువా కోసం అడిగితే ఏదో ఇస్తారు. మేళ్ళచెరువు బీరువా కోసమైతే తనే ముందు పడతారు. దాంతో 'చదివిన బడి' అని ఇంకో కాలమ్ వచ్చింది. ఆడవాళ్ళను అడిగితే ఇంకా మెలికలు. పుట్టిల్లు ఒకటి, అమ్మమ్మ ఊరు ఒకటి, అత్తగారి ఊరు ఒకటి. ఏది రాసుకోమంటారండీ అంటే ఒకావిడ నవ్వి "డబ్బులు నావైతే మా అమ్మమ్మ ఊరు, ఆయనవైతే ఆయన ఊరు" అన్నారు. అలాగే రాసుకున్నాను.

ఇప్పుడు మ్యాపు మీద రెండు లేయర్లు. సొంతూళ్ళు నారింజ రంగు, మేం పనిచేసే బళ్ళు నీలం. రెండూ ఒకేసారి తెరిస్తే ఎక్సెల్‌లో ఎన్నేళ్ళు చూసినా కనబడనిది ఒక్క చూపులో కనబడింది. నడిగూడెం వైపు నారింజ గుర్తులు చాలా ఉన్నాయి, ఒక్క నీలం గుర్తూ లేదు. అంటే తమ ఊరికి ఏమీ చేయకపోయినా ఇంతకాలం వాళ్ళు మాకు ఇస్తూనే ఉన్నారు! పాలకీడు వైపు దీనికి తలకిందులు. బళ్ళున్నాయి, ఆ ఊళ్ళ నుంచి దాత ఒక్కడూ లేడు. మొదటి చోట ఆ దాతలకే ఫోన్ చేసి "మీ ఊరి బడిలో మొదలుపెడదామనుకుంటున్నాం, మీరు నలుగురు కలుస్తారా?" అని అడిగాం. ఆ నలుగురికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు. వాట్సాప్ గ్రూపు పెట్టిచ్చాం, మిగతాది వాళ్ళే చూసుకున్నారు. రెండో చోట దాతల కోసం వెతికి లాభం లేదు. అక్కడికి జనరల్ ఫండ్ డబ్బే వెళ్ళాలని కమిటీలో ఖాయం చేశాం. ప్రతి ఏడూ కమిటీలో జరిగే "మా ఊరికి ఎందుకు లేదు" గొడవ సగం తగ్గింది. గోడ మీద మ్యాపు ఉంటే గట్టిగా అరిచేవాళ్ళ బలం కొంచెం తగ్గుతుంది.

ఊళ్ళ సంగతిలో మేం ఊహించనిది ఒకటి ఎదురైంది. పులిచింతల ప్రాజెక్టు నీళ్ళలో ఇటువైపు కొన్ని ఊళ్ళు మునిగాయి. నెమలిపురి, వెల్లటూరు లాంటి ఊళ్ళ జనం పునరావాస కాలనీలకు మారారు. ఆ వైపు దాత ఒకాయన్ని గుర్తు ఎక్కడ పెట్టమంటారని అడిగాను. "కొత్త కాలనీలో నేను ఒక్కరాత్రి కూడా పడుకోలేదమ్మా. పాత ఊరి మీదే పెట్టండి" అన్నారు. ఎక్సెల్ నుంచి వచ్చిన గుర్తును మౌస్‌తో పట్టుకుని ఎక్కడికైనా జరపొచ్చు. శాటిలైట్ బొమ్మ పెట్టుకుని, నదిలో ఆయన చెప్పినచోట ఉంచాను. ఆయన సాయం మాత్రం కాలనీ పిల్లలు చదివే బడికి వెళుతోంది.

ఇక ఊరి పేర్లతో వచ్చే తలనొప్పి. రామాపురం అని మాత్రమే రాస్తే ఏ రామాపురమో ఏ మ్యాపుకైనా ఎలా తెలుస్తుంది? ఒక్క మన రెండు రాష్ట్రాల్లోనే ఎన్ని రామాపురాలు, ఎన్ని లక్ష్మీపురాలు! ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం నాలుగూ కామాలు పెట్టి రాయాలి. జిల్లా దగ్గర ఇంకో చిక్కు. సూర్యాపేట జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. మా పాత రసీదుల నిండా నల్గొండ జిల్లా అనే ఉంది. చింతలపాలెం మండలం కూడా అప్పుడు కొత్తగా వచ్చిందే, పాతవాళ్ళు మేళ్ళచెరువు మండలం అనే చెబుతారు. ఇవన్నీ సరిచేసుకున్నాకే షీటు ఎక్కించాలి.

తండాలకైతే పేర్లతో పని జరగదు. మా వలంటీర్లు బడి గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో మామూలు గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఆ చోటు మీద వేలు నొక్కిపెట్టి, వచ్చిన రెండు అంకెలను కాపీ చేసి పంపుతారు. మై మ్యాప్స్ వాటిని నేరుగా తీసుకుంటుంది. కోదాడ దగ్గర అక్షాంశం 17కి ఒక పిసరు తక్కువ, రేఖాంశం 80కి ఒక పిసరు తక్కువ. ఇది గుర్తుంటే తేడా అంకె వెంటనే కంటపడుతుంది. రెండు కాలమ్‌లు అటూ ఇటూ అయితే మీ బడి నార్వేకి కూడా పైన, స్వాల్‌బార్డ్ మంచు దీవుల దగ్గర తేలుతుంది. చూసి నవ్వుకోవడానికి బాగుంటుంది, దాతకు పంపితే బాగోదు.

సైకిళ్ళ చందాకి ఇందులో గీత గీసే పరికరం బాగా కలిసొచ్చింది. "తండా నుంచి బడి రెండు కిలోమీటర్లే కదా, నడవలేరా? మేం నడవలేదా?" అని అడిగే పెద్దవాళ్ళు ప్రతి మీటింగ్‌లో ఒకరుంటారు. కొలబద్ద పెట్టి తిన్నగా కొలిస్తే నిజంగానే రెండు కిలోమీటర్లే. కానీ మధ్యలో వాగు. పిల్లలు వెళ్ళే దారి వెంబడి ఒక్కో మలుపు దగ్గరా క్లిక్ చేస్తూ గీస్తే అది ఐదుకు దగ్గరవుతుంది. ఎర్ర గీత ఒకటి తిన్నగా, నీలం గీత ఒకటి చుట్టుతిరుగుడుగా వేసి ప్రొజెక్టర్ మీద చూపించాం. అలా అడిగే పెద్దాయనే లేచి "అయితే వానాకాలం వీళ్ళు బడికే రారా?" అన్నారు. నేను చెప్పాల్సిన మాట ఆయనే చెప్పారు. సైకిళ్ళకు ఆ రోజు వచ్చిన హామీల్లో పెద్దది ఆయనదే.

ఇప్పుడు కంపెనీల డబ్బు. సీఎస్‌ఆర్, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు కోసం తిరిగే చిన్న ట్రస్టులకు మ్యాపు అసలైన ఆయుధం అని నా అభిప్రాయం. దానికి కారణం చట్టంలోనే ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి, చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతుంది. మా పక్కనే మేళ్ళచెరువు, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మేం ఇన్నాళ్ళూ నాలుగు పేజీల ఉత్తరం, ఫోటోల ఆల్బమ్ పట్టుకుని వెళ్ళేవాళ్ళం. మర్యాదగా టీ ఇచ్చి పంపేవాళ్ళు.

ఈసారి ఫ్యాక్టరీ గేటును మధ్యలో పెట్టి, చుట్టూ ఐదు, పది, పదిహేను కిలోమీటర్ల వలయాలు గీసి, అందులో పడే జడ్పీ హైస్కూళ్ళన్నీ గుర్తించాం. అయితే మై మ్యాప్స్‌లో వలయం గీసే సదుపాయం లేదు. నేను ఒక మార్కు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే. వలయాలను వేరేచోట తయారుచేసి కేఎమ్‌ఎల్ ఫైలుగా (మ్యాపు గీతలు, గుర్తులు దాచే ఫైలు) తెచ్చి ఎక్కించాలి. మాకు ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు క్యూజీఐఎస్‌లో చేసిపెట్టాడు. అది 2002లో మొదలైన ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్. చాలా గట్టిది, ఏ పనైనా చేస్తుంది, కానీ తెరవగానే కనబడే బటన్లు చూసి నేను మూసేశాను. మీ దగ్గర నేర్చుకునే ఓపిక ఉన్న పిల్లలుంటే వాళ్ళకి అప్పగించండి.

ప్రతి బడి గుర్తు మీద నొక్కితే వచ్చే పెట్టెలో పిల్లల సంఖ్య, మేం ఏం ఇచ్చాం, ఇంకా ఏం కావాలి, దానితోపాటు యూడైస్ కోడ్ పెట్టాం. దేశంలో ప్రతి బడికీ ఉండే 11 అంకెల నంబరది, తెలంగాణవన్నీ 36తో మొదలవుతాయి. ట్రస్టు మాట మీద నమ్మకం లేకపోయినా ఆ నంబరుతో కంపెనీ వాళ్ళు ప్రభుత్వ పోర్టల్‌లో బడి వివరాలు తామే సరిచూసుకోవచ్చు. ఈ ఒక్క కాలమ్ వల్ల మా మీద వాళ్ళకున్న చూపు మారిందని నాకనిపించింది.

ఏ3 కాగితం మీద ప్రింటు తీసి బల్ల మీద పరిచాం. అక్కడి ఆఫీసరు ఉత్తరం పక్కన పెట్టి మ్యాపు మీదికి వంగారు. కాసేపు వేలుతో గని వైపు వెతికి, "ఇదేంటండీ, మా గని పక్కనున్న ఈ ఊళ్ళో బడి చూపించారు, మీ పని ఏమీ లేదే?" అన్నారు. నిజమే, ఆ బడికి మేం ఎప్పుడూ వెళ్ళలేదు, అందుకే బూడిదరంగు వేశాం. "మీరు ఔనంటే అక్కడే మొదలుపెడతాం సార్" అన్నారు మాస్టారు. మేం తీసుకెళ్ళిన ప్రతిపాదన వేరు, చివరికి డబ్బు వచ్చింది ఆ బూడిదరంగు బడికి. అప్పటినుంచి ఖాళీలను దాచకుండా చూపిస్తున్నాం. మనం చేసినవే నింపి తీసుకెళితే ఎదుటివాళ్ళు చూసి మెచ్చుకుని పంపేస్తారు. అన్నట్టు, కంపెనీ దగ్గరికి వెళ్ళేముందు, సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు చేయించుకునే సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర పెట్టుకోండి. అది లేకపోతే మ్యాపు ఎంత అందంగా ఉన్నా మాట ముందుకు సాగదు.

మ్యాపు పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. మ్యాపు లింకును వాట్సాప్ గ్రూపులో పెడితే తెరిచేవాళ్ళు అరుదు. ఐదు వందలు, వెయ్యి ఇచ్చే మామూలు దాతకు కావలసింది తన ఊరు పెద్ద అక్షరాల్లో, పక్కన బడి గుర్తు, కింద ఒక వాక్యం. అందుకే మ్యాపును స్క్రీన్‌షాట్ తీసి, తెలుగులో ఊరి పేరు రాసి, ఫోటోగా పంపుతున్నాం. ఫోటో మాత్రం చుట్టాల గ్రూపులన్నీ తిరిగొస్తుంది. గుర్తుల పేర్లను మ్యాపులోనే తెలుగులో పెట్టుకోవచ్చు, మేం అలాగే పెట్టాం.

ఒక్కో గుర్తుకు ఫోటో కూడా జోడించవచ్చు. అమెరికాలోని ఛారిటీ: వాటర్ సంస్థ తవ్వించిన ప్రతి బావికీ ఫోటో, జీపీఎస్ అంకెలు దాతలకు చూపిస్తుంది. మీ డబ్బు ఇదిగో ఇక్కడుంది అని చెప్పడం అన్నమాట. మేమూ అదే పద్ధతి పట్టుకున్నాం, పిల్లల ముఖాలు మాత్రం పెట్టం. బీరువా, సైకిళ్ళ వరుస, బడి బోర్డు చాలు. పలానా తండా ఆడపిల్ల పలానా దారిలో ఒంటరిగా వస్తుందని లోకానికి మ్యాపు వేసి చూపించాలా ఏమిటి! మీటింగ్‌లో గీసి చూపించిన దారి గీతలు కూడా బయటికిచ్చే మ్యాపులో ఉండవు.

షేరింగ్ దగ్గర జాగ్రత్త. ఒకే మ్యాపులో దాతల లేయర్, బళ్ళ లేయర్ పెట్టి, దాతల లేయర్‌కి టిక్ తీసేసి లింకు పంపితే సరిపోతుందనుకోకండి. చూసేవాళ్ళు మళ్ళీ టిక్ పెట్టుకుంటే అంతా కనబడుతుంది. ఒక లేయర్ ఒకరికి, ఇంకో లేయర్ ఇంకొకరికి చూపించే వీలు ఇందులో లేదు. బయటికిచ్చే మ్యాపు పూర్తిగా వేరేగా చేసుకోవాలి, అందులో దాతల వరుస ఒక్కటి కూడా ఉండకూడదు. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. చట్టం సంగతి అటుంచి, మా దాత ఒకాయన అన్నమాట నాకు చాలు: "నా పేరు, నేనిచ్చిన మొత్తం ఎక్కడా పెట్టకమ్మా. ఊళ్ళో చుట్టాలు ఊరుకోరు."

విదేశాల్లో ఉన్న దాతలకు మా మ్యాపులో రెండు రంగులు. ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని మాలాంటి ట్రస్టు దాన్ని తీసుకోకూడదు. ఎవరిని అడగకూడదో రంగు చూసి తెలిసిపోతే ఫోన్ చేసే వలంటీరు నోరు జారడు. పౌరసత్వం మారినవాళ్ళకు ఏడాదికోసారి ఆ కాలమ్ సరిచూడాలి, అది నా నెత్తిమీదే.

వేరేవి చూడాలనుకుంటే యూమ్యాప్ ఉంది. జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మ్యాపు ఆధారంగా నడుస్తుంది, ఉచితం. దగ్గరి గుర్తులను గుంపు చేసి అంకె చూపడం, రంగు ముదరడం రెండూ అందులో ఉన్నాయి. మా ఊళ్ళ పేర్లు వెతకడంలో నాకు గూగులే సుఖంగా అనిపించి ఇక్కడే ఉండిపోయాను. ఇస్రో వాళ్ళ భువన్ శాటిలైట్ బొమ్మలు చూసుకోవడానికి బాగుంటుంది. చందాల పనికి నేను వాడలేదు.

ఎవరికి కొనమని చెప్పను అనడానికి ఇది కొనేది కాదు. కానీ దాతలు యాభై మంది లోపు ఉండి, అందరూ ఒకే ఊరివాళ్ళయితే ఈ శ్రమ దండగ. ఫోన్ బుక్కే చాలు. పది ఊళ్ళలో పని, నాలుగు నగరాల్లో దాతలు ఉన్న సంస్థ అయితే ఒక ఆదివారం పెట్టుబడి పెట్టండి. ఆ ఆదివారంలో ఎక్కువ భాగం మ్యాపు మీద కాదు, ఎక్సెల్‌లో స్పెల్లింగులు దిద్దడానికే పోతుంది.

మొదలుపెట్టే రోజే ట్రస్టు పేరు మీద ఒక జీమెయిల్ తెరిచి మ్యాపును అందులోనే చేయండి. వలంటీర్ల సొంత అకౌంట్లలో చేయిస్తే వాళ్ళు ఉద్యోగమొచ్చి పుణే వెళ్ళిపోయాక పాస్‌వర్డు కోసం వాళ్ళ వెంట పడాలి. మార్చే హక్కు ఇద్దరికే ఇవ్వండి, మిగతావాళ్ళు చూస్తే చాలు. మా దగ్గర ఆ ఇద్దరం నేనూ, మాస్టారూ. 'చదివిన బడి' కాలమ్ ఇంకా సగం ఖాళీగానే ఉంది. ఈసారి 10బిఇ సర్టిఫికెట్లు పంపేటప్పుడు ఆ ప్రశ్న కూడా కలిపి పంపమని మాస్టారు అంటున్నారు. ఫోన్ చేసి అడిగితేనే సరిగ్గా చెబుతారని నేనంటున్నాను.